పాత కార్ల మీటర్ల పనిలో బతుకుతెరువు ఉందా?

ప్రశ్న: మా అబ్బాయి ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడ్ పూర్తి చేశాడు. అంబాసిడర్ లాంటి పాత కార్ల డాష్‌బోర్డు వైరింగ్, మీటర్లు బాగుచేసే పని నేర్చుకుంటానంటున్నాడు. పంపమంటారా? – ఒక తండ్రి, తణుకు

పంపండి. అయితే ముందు మామూలు ఆటో ఎలక్ట్రీషియన్ షాపుకు, ఓ రెండేళ్లు. ఇల్లు గడిచేది సెల్ఫ్ మోటారు, ఆల్టర్నేటర్, హెడ్‌లైట్ల పనితోనే. అంబాసిడర్ తయారీ 2014లోనే ఆగిపోయింది కాబట్టి ఒకే ఊళ్లో కూర్చుంటే పాత కార్ల పని రోజూ తగలదు. తగిలినప్పుడు మాత్రం యజమాని బేరం కన్నా పనితనం చూస్తాడు. యాభై ఏళ్లు దాటిన బళ్లకు 2021లో వింటేజ్ రిజిస్ట్రేషన్ వచ్చింది. కొత్తగా చేయించడానికి ఫీజే 20,000. అంత పెట్టేవాడు డాష్‌బోర్డులో ప్లాస్టిక్ మీటరు బిగిస్తానంటే ఒప్పుకుంటాడా?

ఇంటి వైరింగ్ చేసిన చెయ్యి కారులో మొదట తడబడేది ఎర్త్ దగ్గర. ఇక్కడ న్యూట్రల్ తీగ ఉండదు, కరెంటు తిరిగొచ్చేది బాడీ గుండానే. తుప్పు పట్టిన బోల్టు ఒక్కటి చాలు, లెక్కంతా తప్పుతుంది. ఉదాహరణకు, స్మిత్స్ అనే బ్రిటిష్ కంపెనీ తరహా బైమెటల్ మీటర్లు (వేడికి వంగే రెండు లోహాల పట్టీ ముల్లును కదిపేవి) ఉన్న బండిలో పెట్రోలు ముల్లు, టెంపరేచర్ ముల్లు రెండూ ఒకేసారి ఎక్కువ చూపిస్తున్నాయనుకోండి. తెలియనివాడు రెండు మీటర్లూ మార్చేస్తాడు. తెలిసినవాడు వెనకనున్న వోల్టేజ్ స్టెబిలైజర్ ఎర్త్ చూస్తాడు. అది సగటున 10 వోల్టులు ఇవ్వాలి. ఎర్త్ అందకపోతే బ్యాటరీ వోల్టేజ్ అంతా మీటర్లకు పోతుంది. స్టెబిలైజర్ లోపలి పాయింట్లు కలుస్తూ విడిపోతూ ఉంటాయి కనుక డిజిటల్ మల్టీమీటరులో అంకె నిలవదు. చిన్న టెస్ట్ బల్బు పెడితే మినుకుమినుకుమంటుంది, బాగున్నట్టు గుర్తు అదే.

బ్రిటిష్ ఎలక్ట్రికల్ కంపెనీ లూకాస్ వైర్లకు పెట్టిన రంగుల కోడ్ కంఠతా రావాలి. గోధుమరంగు బ్యాటరీ నుంచి ఫ్యూజు లేకుండా వచ్చేది, తెలుపు ఇగ్నిషన్ కీ తర్వాతది, ఆకుపచ్చ ఫ్యూజు దాటినది, నలుపు ఎర్త్. పద్మిని కారు ఫియట్ సంతానం, దానికీ ఇదే కోడ్ అనుకోకూడదు. గాజు ఫ్యూజు దగ్గర ఇంకో చిక్కుంది. పాత లూకాస్ ఫ్యూజు మీద 35 అని ఉంటే అది కాలిపోయే ఆంపియర్లు, నిలకడగా మోసేది 17 మాత్రమే. నిలకడగా 35 మోసే ఫ్యూజు తెచ్చి పెడితే ముందు వైరే కాలుతుంది.

స్పీడోమీటరు పూర్తిగా వేరే విద్య. కేబుల్ తిప్పే అయస్కాంతం అల్యూమినియం కప్పును తాకకుండానే లాగుతుంది, సన్నని స్ప్రింగు దాన్ని వెనక్కి పట్టి ఉంచుతుంది. కేబుల్‌కు పైదాకా గ్రీజు పూస్తే అది పాకుతూ మీటరులోకి చేరి ముల్లు గెంతులేస్తుంది. అందుకే పైన 20 సెంటీమీటర్లు పొడిగా వదలాలి. మైళ్ల డయల్ మీద చిన్న అక్షరాల్లో 1000 అని ఉంటే మైలుకు వెయ్యి చుట్లని అర్థం. అంటే నిమిషానికి 1000 చుట్లు తిప్పితే ముల్లు 60 మీద నిలవాలి. ఇక 1960కి ముందటి డయల్‌లో చీకట్లో మెరిసే రంగుంటే అది రేడియం కావచ్చు, స్టిక్కర్ల రేడియం కాదు, ఒంటికి హాని చేసే రేడియోధార్మిక పదార్థం. దాన్ని గీకొద్దని మాత్రం అబ్బాయికి గట్టిగా చెప్పండి.

ఆసక్తి ఎంతో తేల్చుకోవాలంటే విజయవాడ ఆటోనగర్‌లో పాత స్క్రాప్ మీటర్ బోర్డు ఒకటి కొనివ్వండి. చెక్కపలక మీద బిగించి, 5 ఆంపియర్ల ఫ్యూజు ద్వారా 12 వోల్టుల బ్యాటరీ కలిపి, మొత్తం పనిచేసేలా చెయ్యమనండి. వైరు 14 పోగులది, ఒక్కో పోగు 0.30 మిల్లీమీటర్లు. ఈ లైట్లకు, మీటర్లకు అది చాలు. కొసలకు టంకం వద్దు, ఆ పక్కనే పోగులు బిరుసెక్కి అదురుకు తెగుతాయి. టెర్మినల్‌ను వైరు మీద బిగించే సరైన క్రింపింగ్ ప్లయర్‌తో నొక్కాలి. ఒక్క వైరు విప్పే ముందు కూడా ఫొటో తీసి చీటీ కడుతున్నాడా లేదా గమనించండి. ఆ ఓపిక ఉంటే షాపు వెతకండి. లేకపోతే ఇంటి వైరింగ్‌లోనే త్వరగా స్థిరపడతాడు, అదేం తక్కువ పని కాదు.