గిరీశం నోట మంచిమాటలెందుకు?

ప్రశ్న: ‘కన్యాశుల్కం’లో వితంతు వివాహాల గురించి అంత బాగా మాట్లాడేది గిరీశమే. తీరా చూస్తే వాడు పచ్చి మోసగాడు. అలాంటివాడితో ఆ మాటలు చెప్పిస్తే గురజాడ సంస్కరణనే వెక్కిరించినట్టు కాదా?

జవాబు: కాదండీ. మంచి మాటలన్నీ మంచివాళ్లే మాట్లాడితే అది ఉపన్యాసం అవుతుంది గానీ నాటకం కాదు. గిరీశం చెప్పే మాట నిజం, చెప్పే మనిషి అబద్ధం. చిన్నతనంలోనే విధవైన బుచ్చమ్మకి జరిగింది అన్యాయమే, ఆ అన్యాయం పేరు చెప్పి ఆమెను లేవదీసుకుపోయిన వాడి బుద్ధీ వంకరే. ఈ రెండూ ఒకేసారి ఒప్పుకోవడం మనకి కష్టం, నవ్వుతున్నప్పుడు మాత్రం తేలిగ్గా ఒప్పేసుకుంటాం.

నన్ను ఇంకా గట్టిగా పట్టుకునేది లుబ్ధావధాన్లు పెళ్లి. బుచ్చమ్మ చెల్లెలు, చిన్నపిల్ల సుబ్బిని ఆ ముసలాయన పాలు కాకుండా తప్పించడానికి మేనమామ కరటకశాస్త్రి తన శిష్యుడికి ఆడవేషం వేసి అమ్మేస్తాడు, పెళ్లి కూడా అయిపోతుంది, డబ్బు పోసి కొన్నది ఆడపిల్లనో మగపిల్లాడినో పెళ్లికొడుక్కే తెలియదు! పడీ పడీ నవ్వుతాం. కానీ బేరం కుదిరితే చాలు, అవతలి మనిషెవరో అక్కర్లేదన్న సంగతి ఇంతకంటే సూటిగా ఎలా చెప్తారు? ఇదేమీ గాలిలోంచి పుట్టిన కథ కాదు. 1897 నాటి ముందుమాటలో గురజాడే లెక్క ఇచ్చారు. విజయనగరం మహారాజా విశాఖ జిల్లా బ్రాహ్మణ కుటుంబాల్లో రాయించిన జాబితా ప్రకారం మూడేళ్లలో ఇలా ఆడపిల్లకి డబ్బిచ్చి చేసుకున్న పెళ్లిళ్లు 1,034. అందులో ఐదేళ్ల పిల్లలు 99 మంది, ఏడాది పిల్లలు ముగ్గురు. చంటిబిడ్డ ధర 350 నుంచి 400 రూపాయలు. ఈ అంకెలు చదివితే కడుపు తరుక్కుపోతుంది, అదే సంగతిని నాటకంలో నవ్వుతూ చివరిదాకా చూస్తాం.

ఇక మధురవాణి. లోకం వేశ్య అని వెలేసిన మనిషి. వకీలు సౌజన్యారావు పంతులు అలాంటివాళ్ల గాలి కూడా సోకకూడదనుకునే పెద్దమనిషి, నిజంగానే మంచివాడు. మాయమైన ఆ దొంగ పెళ్లికూతుర్ని చంపాడని లుబ్ధావధాన్లు మీద పడ్డ కేసులో ఆయనకి దారి చూపిందీ, గిరీశం బండారం బయటపెట్టిందీ మగవేషంలో వచ్చిన ఆ మధురవాణే.

మీ ప్రశ్నకి అసలు జవాబు, 1909లో గురజాడ తిరగరాసిన నాటకం చివర్లో ఉంది. గిరీశం ఆట కట్టినా బుచ్చమ్మని మళ్లీ తండ్రి అగ్నిహోత్రావధాన్లు ఇంటికి తోలెయ్యరు. చదువుకోవడానికి పూనాలోని విడోస్ హోమ్‌కి, అంటే వితంతువుల ఆశ్రమానికి, పంపుతానంటారు సౌజన్యారావు. సంస్కరణని వెక్కిరించాలనుకున్న రచయితైతే ఆమెకి ఆ దారి చూపించేవారు కాదు.