వరంగల్‌లో బొమ్మలు వేసి బతకొచ్చా?

ప్రశ్న: మాది హనుమకొండ. మా అమ్మాయి ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. ఫస్టియర్‌లో మార్కులు బాగానే వచ్చాయి. దసరా సెలవుల నుంచి మాత్రం ఎంసెట్ రాయనంటోంది, బీఎఫ్ఏ, అంటే ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ, చేస్తానని పట్టుబట్టింది. వాళ్ల నాన్నది చిన్న ఎరువుల దుకాణం. ‘బొమ్మలు సరదాకి వేసుకో, చదువు చదువే’ అంటారాయన. నాకూ టెన్షన్‌గానే ఉంది. హైదరాబాద్‌లో అయితే ఏమో గానీ, మన దగ్గర ఆర్ట్‌కి ఏముంది? చదివాక తిరిగి ఇక్కడికే వస్తే ఏం చేసుకుంటుంది? దాని బొమ్మల ఫొటోలు పంపుతున్నాను. చూసి చెప్పండి.
– ఒక తల్లి

జవాబు: అమ్మా, కాలేజీల సంగతి తర్వాత. ముందు బొమ్మల గురించి మాట్లాడదాం. మీరు పంపినవాటిలో ఎక్కువ సినిమా హీరోల ముఖాలే. పెన్సిల్ షేడింగ్ నున్నగా కుదిరింది. గడ్డంలో వెంట్రుక వెంట్రుకా కనిపిస్తోంది. కంట్లో తెల్లచుక్క పడాల్సిన చోటే పడింది. ఓపిక ఉన్న పిల్ల. ‘అచ్చం ఫొటోలా ఉంది’ అని చుట్టాలంతా మెచ్చుకునే ఉంటారు. కానీ ఆ బొమ్మలు చూసి బీఎఫ్ఏకి పంపండని నేను చెప్పలేను. ఫోన్‌లో ఫొటో పెట్టుకుని, గళ్లు గీసుకుని దించడం మన ఊళ్లలో చాలామంది పిల్లలు చేస్తున్నారు, బాగా చేస్తున్నారు. ఎటు నుంచి చూడాలి, వెలుగు ఎటు పడాలి, ఏది ఉంచి ఏది వదిలేయాలి అన్నవన్నీ అక్కడ ఫొటో తీసినాయనే తేల్చేశాడు. మీ అమ్మాయికి మిగిలింది చేతి పని.

అయితే చివర్లో ఇంకొక ఫొటో ఉంది, మీరు చూసుకోకుండా పంపారేమో. ఫిజిక్స్ నోట్‌బుక్ వెనక పేజీ. బాల్‌పెన్నుతో గీసిన పెద్దావిడ, నానమ్మో అమ్మమ్మో, కాళ్లు చాపుకుని కూర్చుని వత్తులు చేస్తోంది. పక్కనే చెయ్యి విడిగా మూడుసార్లు గీసి, కుదరక కొట్టేసింది. నాలుగోసారి గీసిన చేతిలో రెండు వేళ్ల మధ్య పత్తి నలుగుతున్నట్టే ఉంది. వీపు వంపు ఒక్క గీతలో తేల్చేసింది. ముఖం పోలిక వచ్చిందో లేదో మీరే చెప్పాలి, నాకు దాంతో పని లేదు. నా జవాబంతా ఆ పేజీ మీద ఆధారపడి రాస్తున్నదే. ఎవరూ అడక్కుండా, ఎదురుగా ఉన్న మనిషిని చూసి, తప్పు పోయినచోట మళ్లీ మళ్లీ గీసిన పిల్ల బీఎఫ్ఏకి పనికొస్తుంది. అలాంటి పేజీలు ఇంకా ఉన్నాయేమో అడిగి చూడండి. ఉంటే మీవారికి చూపించాల్సినవి అవే, హీరోల బొమ్మలు కావు.

మన రాష్ట్రంలో బీఎఫ్ఏ అనగానే మొదట చూడాల్సింది హైదరాబాద్ మాసబ్‌ట్యాంక్‌లో ఉన్న జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ, 2008లో ఏర్పడింది. అప్లైడ్ ఆర్ట్, పెయింటింగ్, స్కల్ప్చర్, ఫొటోగ్రఫీ, యానిమేషన్ శాఖలున్నాయి. నాలుగేళ్ల కోర్సు. ఇంటర్ ఏ గ్రూపైనా సరే. ఫాడీ అనే ప్రవేశ పరీక్ష రాయాలి, నోటిఫికేషన్ సాధారణంగా వేసవిలో వస్తుంది. ఆ పరీక్షలో జ్ఞాపకం మీద బొమ్మ వేయమంటారు. బస్టాండులో జనం, కూరగాయల మార్కెట్, పండగ ఊరేగింపు, ఇలాంటిదేదో ఊహించుకుని వేయాలి. ఫొటో ఉండదు, ఫోన్ ఉండదు. హీరోల ముఖాలు మాత్రమే వేసిన పిల్లలు అక్కడే చిక్కుకుపోతారు. నిలబడ్డ మనిషి పాదం నేలకు ఎలా ఆనుతుందో వాళ్లు ఎన్నడూ చూసి ఉండరు.

కాబట్టి పరీక్ష దాకా ఫొటోలు పక్కన పెట్టించండి. చౌకరకం స్కెచ్‌బుక్ చాలు, ఖరీదైన రంగులు ఇప్పుడే అక్కర్లేదు. ఆదివారం పొద్దున ఖిలా వరంగల్ తీసుకెళ్లండి. అక్కడి కీర్తితోరణాన్ని మనం నోట్ల కట్టల కంటే ఎక్కువసార్లు చూసుంటాం, రాష్ట్ర ప్రభుత్వ చిహ్నంలోనే ఉంది కదా. కానీ ఒక్కసారి కూర్చుని గీస్తే గానీ రాయి ఎంత బరువుందో తెలియదు. కొత్తవాడలో మగ్గాల మీద జంపఖానాలు నేస్తుంటారు. అడిగితే ఓ మూల కూర్చోనిస్తారు, మగ్గం ముందు మనిషి ఒళ్లు ఎలా కదులుతుందో చూసి గీయొచ్చు. మన ఈ జంపఖానాలకే 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇక రామప్ప. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక అందరూ సెల్ఫీలకి వెళ్తున్నారు, తప్పేం లేదు. మీ అమ్మాయిని మాత్రం పైన చూరు కింద ఉన్న నల్లరాతి మదనికల (నాట్య భంగిమల్లో ఉన్న ఆడవాళ్ల శిల్పాల) దగ్గర ఓ పూట వదిలేయండి. నడుము ఒక పక్కకి ఒరిగితే భుజం ఎటు పోతుందన్నది ఏ కోచింగ్ సెంటరూ అంత బాగా నేర్పదు.

‘మన దగ్గర ఏముంది’ అని అడిగారు. ఉన్నదున్నట్టు చెప్పాలంటే, బొమ్మలు గోడకి తగిలించి అమ్మే గ్యాలరీల బజారు వరంగల్‌లో లేదు. కొనేవాళ్లు, క్యూరేటర్లు, వేలాలు, అన్నీ హైదరాబాద్‌లోనో ఆ పైనో. 2024 నవంబరులో హనుమకొండలో కాళోజీ కళాక్షేత్రం తెరిచారు, సంతోషమే. కానీ ఒక భవనం వచ్చినంత మాత్రాన బొమ్మలు కొనే అలవాటు ఊళ్లోకి రాదు. కాన్వాసు మీద వేసి ఇక్కడే అమ్ముకుని బతుకుతానని అమ్మాయి అనుకుంటుంటే, ఆ లెక్క ఇప్పుడే సరిచేసుకోమనండి.

కానీ బొమ్మ అనేది గ్యాలరీలోనే ఉంటుందని ఎవరన్నారు? మన చుట్టూ ఉన్నంత బొమ్మల పని రాష్ట్రంలో ఇంకెక్కడా లేదని నా నమ్మకం. జనగామ దాటితే పెంబర్తి ఇత్తడి రేకు పని. కరీంనగర్‌లో వెండి తీగ పని. నిర్మల్‌లో పొణికి కర్ర బొమ్మలు. ఆదిలాబాద్ గూడేల్లో ఓజా కళాకారుల డోక్రా లోహపు పోత. అన్నిటికంటే నాకిష్టం చేర్యాల పటాలు, గుడ్డ మీద వేసే కథల బొమ్మలు. ఆ ఊరు ఇప్పుడు సిద్దిపేట జిల్లాలోకి పోయింది గానీ మొన్నమొన్నటి దాకా మన వరంగల్ జిల్లానే.

చేర్యాల గురించి కాస్త ఎక్కువ చెప్తాను, ఎందుకంటే మీవారి బెంగకి జవాబు అక్కడుంది. అక్కడ ఈ పటాలు వేసే నకాషీ వాళ్లు ఖాదీ గుడ్డకి గంజి, సుద్దమట్టి, చింతగింజల గుజ్జు, జిగురు కలిపి పూతలు పట్టించి ఆరబెట్టి, దాని మీద కుంచెతో నేరుగా గీస్తారు. వెనకంతా ఎరుపు. ఈ పటాలు ఎవరి ఇంట్లో గోడకి పెట్టుకోవడానికో పుట్టినవి కావు. కులపురాణం చెప్పే కళాకారులు వాటిని ఊరూరా విప్పి కథ చెప్పుకునేవాళ్లు. కూనపులివాళ్లు పద్మశాలీలకి మార్కండేయ పురాణం, డక్కలివాళ్లు జాంబపురాణం, మందెచ్చులవాళ్లు గొల్లలకి వాళ్ల కథ. అంటే బొమ్మ వేసేవాడికి ఖాతాదారు ముందే ఉన్నాడు. టీవీ వచ్చాక కథ వినేవాళ్లు తగ్గిపోయారు, పటం ఆర్డర్లు ఆగిపోయాయి. కొన్ని కుటుంబాలు మాత్రం చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపి మాస్కులు, బొమ్మలు, చిన్న ఫ్రేములు చేయడం మొదలుపెట్టి నిలబడ్డాయి. ఆ గీత మారలేదు, కొనేవాడు మారాడు. డి. వైకుంఠం నకాష్ లాంటివాళ్లకి జాతీయ అవార్డు వచ్చింది ఈ పనికే. అమ్మాయిని జనగామ మీదుగా ఒక్కరోజు అక్కడికి తీసుకెళ్లండి. వాళ్లు పని చేస్తుంటే చూడడం ఒకటి, ఏ వస్తువు ఎవరు కొంటున్నారని అడిగి తెలుసుకోవడం ఇంకొకటి. రెండోదే ముఖ్యం, అది మీవారు వస్తే ఇంకా బాగా అడుగుతారు. దుకాణం నడిపే మనిషికి ఆ ప్రశ్నలు తెలుసు.

మన ఊళ్లో ఉంటూ బొమ్మతో బతికినవాళ్లు లేరా అంటే ఉన్నారు. సిద్దిపేట కాపు రాజయ్య (1925–2012) బడిలో డ్రాయింగ్ మాస్టారుగా పనిచేస్తూనే బోనాలు, బతుకమ్మ, పొలం పనుల బొమ్మలతో దేశమంతా పేరు తెచ్చుకున్నారు. సిద్దిపేట వదల్లేదు. పాత కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో పుట్టిన తోట వైకుంఠం దారి వేరు. హైదరాబాద్‌లో చదివి, బరోడా వెళ్లి మళ్లీ చదివి, తిరిగొచ్చి తన ఊరి ఆడవాళ్లనే పెద్ద బొట్లతో, ముదురు రంగు చీరలతో వేశారు. ఆయనే ‘దాసి’ సినిమాకి కళాదర్శకుడిగా జాతీయ అవార్డు తీసుకున్నారు. ఇద్దరికీ బొమ్మ ఒక్కటే ఆదాయం కాదని గమనించండి. ఒకరికి బడి, ఇంకొకరికి సినిమా. పేరున్న ఆర్టిస్టుల సంగతే ఇది. మీ అమ్మాయి విషయంలోనూ ఇలాగే లెక్కేసుకోవాలి.

అందుకే శాఖ ఎంచుకునేటప్పుడు తొందరపడొద్దు. పెయింటింగ్ చేస్తే ఆ తర్వాత ఎంఎఫ్ఏ, అంటే ఫైన్ ఆర్ట్స్‌లో పీజీ, దాదాపు తప్పదు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో పెయింటింగ్, ప్రింట్‌మేకింగ్, శిల్పంలో ఉంది. బరోడా, శాంతినికేతన్ కూడా చూడొచ్చు. ఆరేళ్లు పడుతుంది, ఇంట్లో ఆ వెసులుబాటు ఉండాలి. అప్లైడ్ ఆర్ట్ అయితే నాలుగేళ్లకే ప్రకటనలు, ప్యాకింగ్, పుస్తకాల అట్టలు, వెబ్ డిజైన్ లాంటి పనుల్లో చేరొచ్చు. ఇందులో తెలుగు అక్షరం ఒక్కటి బాగా నేర్చుకున్నా పని దొరుకుతుంది. మన హనుమకొండ చౌరస్తాలో ఫ్లెక్సీల మీద తెలుగు చూడండి, ఒత్తు ఒక చోట, అక్షరం ఒక చోట. ఫ్లెక్సీ వచ్చి బోర్డులు రాసే పెయింటర్ల పొట్ట కొట్టింది, నిజమే. కానీ చేత్తో అందంగా తెలుగు రాయగలిగినవాళ్లకి సినిమా టైటిళ్ల నుంచి పచ్చళ్ల సీసా లేబుళ్ల దాకా గిరాకీ ఉంది, చేసేవాళ్లే తక్కువ. యానిమేషన్ శాఖ నుంచి హైదరాబాద్ స్టూడియోలకి వెళ్తారు. పని గంటలు ఎక్కువ, ప్రాజెక్టు అయిపోతే ఖాళీ. అది తెలిసే వెళ్లాలి.

వరంగల్‌కి తిరిగొస్తే? బళ్లు ఉన్నాయి. గురుకులాల్లో, నవోదయల్లో ఆర్ట్ టీచర్ పోస్టులుంటాయి, నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో చెప్పలేం గానీ వచ్చినప్పుడు అర్హత చేతిలో ఉండాలి. ప్రభుత్వ పరీక్షల విభాగం పెట్టే డ్రాయింగ్ లోయర్, హయ్యర్ పరీక్షలు చదువుతూనే రాసేయొచ్చు, ఆ తర్వాత వేసవిలో 42 రోజుల టీటీసీ అనే టీచర్ శిక్షణ ఉంటుంది. ఖర్చు పెద్దగా లేదు, రాసి పెట్టుకోమనండి. ప్రైవేటు స్కూళ్లు, గోడల మీద బొమ్మలు, పెళ్లి మండపాల డిజైన్, ఇంటీరియర్ వాళ్ల దగ్గర పని, సాయంత్రాలు పిల్లలకి క్లాసులు, ఇవన్నీ కలిపితే ఇల్లు గడుస్తుంది. ఒక్కదాన్నే నమ్ముకుంటే గడవదు. మొదటి రెండు మూడేళ్లు ఇంజనీరింగ్ చేసిన పక్కింటి పిల్లాడి జీతంతో పోల్చుకుని ఇంట్లో గొడవ పడకండి. తక్కువే వస్తుంది. మీవారికి ఈ మాట ముందే చెప్పి ఒప్పించండి, దాచి ఒప్పించొద్దు.

ఫొటో చూసి దించే పనికి కంప్యూటర్ పోటీ వచ్చేసింది. ఏఐతో క్షణంలో హీరో బొమ్మ వస్తుంటే ఆ పోర్ట్రెయిట్‌కి డబ్బులిచ్చేవాళ్లు తగ్గుతారు. వత్తులు చేసే నానమ్మని అది ఎదురుగా కూర్చుని చూడలేదు కదా, అందుకే ఆ పేజీ గురించి అంతగా చెప్పాను.

ఒక హెచ్చరిక. ‘వందకు వంద ప్లేస్‌మెంట్’ అని చెప్పే ప్రైవేటు యానిమేషన్, డిజైన్ సంస్థలు మీ నంబరు ఎలాగో సంపాదించి ఫోన్ చేస్తాయి. లక్షలు కట్టేముందు మూడు అడగండి: ఇచ్చేది డిగ్రీనా, సర్టిఫికెట్టా? డిగ్రీ అయితే ఏ యూనివర్సిటీది? పోయినేడు చదివినవాళ్లు చేసిన పని చూపిస్తారా? మూడోది అడగ్గానే చాలామంది మాట మార్చేస్తారు.

అమ్మాయి ఎంపీసీ కాబట్టి ఇంకో దారి కూడా ఉంది. నాటా అనే ప్రవేశ పరీక్ష రాసి బీఆర్క్, అంటే ఆర్కిటెక్చర్ డిగ్రీ, చేయొచ్చు. అయిదేళ్లు, గణితం పనికొస్తుంది, డ్రాయింగూ పనికొస్తుంది. మీవారికి మనసొప్పే కోర్సు కూడా ఇదే అనుకుంటా. ఐఐటీ హైదరాబాద్‌లో డిజైన్ డిగ్రీ ఉంది, దానికి యూసీడ్ రాయాలి. ఆ పరీక్ష జనవరిలో ఉంటుంది, దరఖాస్తులు అక్టోబరులోనే మొదలవుతాయి కాబట్టి ఆలస్య రుసుముతోనైనా గడువు ఉందేమో ఈరోజే వెబ్‌సైట్ చూడండి. ఫ్యాషన్ డిజైన్ నేర్పే నిఫ్ట్ కూడా హైదరాబాద్‌లోనే ఉంది, కానీ ఫీజు ఎక్కువ. ఎక్కడ చేరినా ఈపాస్ ఫీజు రీయింబర్స్‌మెంట్ వర్తిస్తుందో లేదో చేరకముందే కాలేజీ ఆఫీసులో అడగండి. పద్దెనిమిది నిండాక, నేర్చుకుంటూ ఉంటే, కేంద్ర సాంస్కృతిక శాఖ యువ కళాకారులకిచ్చే స్కాలర్‌షిప్‌కి కూడా ప్రయత్నించొచ్చు. నెలకి 5,000 రూపాయల చొప్పున రెండేళ్లు ఇస్తారు, 25 ఏళ్ల లోపువాళ్లకి.

ఎంసెట్, అదే ఇప్పటి ఈఏపీసెట్, దరఖాస్తు మాత్రం వేయించండి. రాయనంటే గొడవ చేయకండి, ‘రాసి చూడు, చేరమని అడగను’ అని మాటివ్వండి, ఆ మాట మీద నిలబడండి. ఇంటర్ పరీక్షలు అయ్యేదాకా రోజుకి గంట బొమ్మలకి, మిగతా టైమంతా పుస్తకాలకి. ఇంటర్ పాసవకుండా బీఎఫ్ఏ కూడా లేదని అమ్మాయికి గుర్తు చేయండి. పరీక్షలయ్యాక ఫాడీ దాకా దొరికే రోజుల్లో జ్ఞాపకం మీద రోజుకో బొమ్మ వేయించి, తారీఖు రాసి దాచమనండి. వాటిని నాకు పంపితే ఏ శాఖ నప్పుతుందో అప్పుడు చెప్తాను.