మోకాలి నరాన్ని ‘ఫ్రీజ్’ చేస్తే కాలు పడిపోతుందా?

ప్రశ్న: మా అమ్మకు 67 ఏళ్లు. షుగర్ ఉంది, గుండెకు స్టెంట్ వేశారు. మోకాళ్లలో గుజ్జు అరిగిపోయిందని, కీలు మార్చాలని డాక్టర్లు అంటున్నారు. ఆమెకు ఆపరేషన్ అంటే భయం. నరాన్ని గడ్డకట్టించి నొప్పి తగ్గించే చికిత్స ఉందని విన్నాం. నరం చచ్చుబడితే కాలు పడిపోదా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

సమాధానం: పడిపోదు. మోకాలి చికిత్సలో కాలిని కదిలించే నరాల జోలికి వెళ్లరు. నొప్పిని మెదడుకు చేరవేసే సన్నటి కొమ్మలనే ఎంచుకుంటారు. ముందు ఈ మాట అమ్మగారికి చెప్పండి, సగం టెన్షన్ తగ్గుతుంది.

దీన్ని క్రయోన్యూరోలైసిస్ అంటారు. కొత్తదేమీ కాదు, 1976లోనే ఇంగ్లండ్ వైద్యులు ‘లాన్సెట్’ పత్రికలో దీని గురించి రాశారు. చర్మానికి మత్తిచ్చి, అల్ట్రాసౌండ్‌లో చూస్తూ సూదిలాంటి ప్రోబ్‌ను నరం పక్కకు చేరుస్తారు. లోపల నైట్రస్ ఆక్సైడ్ వంటి వాయువు ఒక్కసారిగా వ్యాకోచించడంతో ప్రోబ్ కొన దాదాపు మైనస్ 70 డిగ్రీల సెల్సియస్ దాకా చల్లబడి, చుట్టూ చిన్న మంచుగడ్డ కడుతుంది. వాయువు ఒంట్లోకి వెళ్లదు. ఆ చలికి నరం లోపలి పోగులు దెబ్బతింటాయి కానీ పైతొడుగు అలాగే ఉంటుంది. ఆ తొడుగు వెంటే పోగులు రోజుకు ఒకటి రెండు మిల్లీమీటర్ల చొప్పున మళ్లీ పెరుగుతాయి. అందుకే ఉపశమనం కొన్ని వారాల నుంచి కొన్ని నెలల వరకే. అవసరమైతే మళ్లీ చేయించుకోవచ్చు.

అరిగిన గుజ్జు మాత్రం దీనితో తిరిగి రాదు. అందుకే నొప్పి తగ్గిన ఆ నెలల్లో ఫిజియోథెరపిస్ట్ దగ్గర తొడ కండరాలకు బలం పెంచే వ్యాయామాలు తప్పకుండా చేయించండి. ఆ పని చేయకపోతే చికిత్సకు పెట్టిన డబ్బు వృథా అనే నేనంటాను.

అమ్మగారి విషయంలో ఒక సానుకూలత ఉంది. ఇందులో స్టెరాయిడ్ వాడరు కాబట్టి, మోకాల్లో వేసే స్టెరాయిడ్ ఇంజెక్షన్‌లా షుగర్‌ను పెంచదు. అయితే స్టెంట్ ఉన్నవారు రక్తం పలచబడే మందులు వాడుతుంటారు. వాటిని మీ అంతట మీరు ఒక్కరోజు కూడా ఆపకండి. కార్డియాలజిస్ట్, పెయిన్ స్పెషలిస్ట్ మాట్లాడుకుని తేల్చాల్సిన విషయమది. చలికి ఒంటిమీద దద్దుర్లు వచ్చినా, వేళ్లు తెల్లబడినా, పాదాల్లో ఇప్పటికే తిమ్మిరి ఉన్నా డాక్టరుకు చెప్పాలి. మోకాలు ఎర్రగా వాచి జ్వరం ఉంటే ముందు ఇన్ఫెక్షన్ సంగతి చూడాలి.

చేయించే ముందు ‘టెస్ట్ బ్లాక్’ అడగండి. అదే నరం దగ్గర కాస్త మత్తుమందు ఇస్తారు. అప్పుడు నొప్పి బాగా తగ్గితేనే ఫ్రీజింగ్ పనిచేసే అవకాశం ఎక్కువ. తగ్గకపోతే నొప్పి మరో చోటి నుంచి వస్తుండవచ్చు. తర్వాత కొన్నాళ్లు కమిలినట్టు ఉండటం, కొంత మేర చర్మం మొద్దుబారడం మామూలే.

మన దగ్గర ఈ పరికరం ఉన్న ఆస్పత్రులు తక్కువ. నరాన్ని వేడితో నిద్రపుచ్చే రేడియో ఫ్రీక్వెన్సీ అబ్లేషన్ ఎక్కువ చోట్ల దొరుకుతుంది. దాని గురించి కూడా పెయిన్ క్లినిక్‌లో అడగండి. స్టెంట్ ఉన్నంత మాత్రాన కీలు మార్పిడి కుదరదని కూడా అనుకోవద్దు. గుండె పరీక్షలు చేసి, సరైన సమయం చూసి అలాంటివారికీ చేస్తున్నారు.