మందుల పట్టికలో గది నంబరు

ప్రశ్న: నేను సీబీఎస్‌ఈ పన్నెండో తరగతి చదువుతున్నాను. ఆరో తరగతి నుంచి ఒకే బెంచీలో కూర్చున్న స్నేహితురాలితో కలిసి కంప్యూటర్ సైన్స్ ప్రాజెక్టు చేస్తున్నాను. మా బాబాయి మందుల షాపులో స్టాకు చూసే ప్రోగ్రాం. కోడ్ తను, రిపోర్టు నేను అనుకున్నాం. మొన్న ఫైలు తెరిస్తే మందుల పట్టికలో ‘గది నంబరు’ అనే గడి కనిపించింది. ఇంటర్నెట్‌లో దొరికిన ఎవరిదో హోటల్ ప్రాజెక్టు తీసుకుని పేర్లు మార్చిందట. అడిగితే, ‘ఎనిమిది మార్కులకు ఇంత రాద్ధాంతమా, అందరూ చేసేదే’ అంది. జేఈఈ కోచింగ్‌తో తనకు తీరిక లేదు. సార్‌కు చెబితే స్నేహం పోతుంది. చెప్పకపోతే నేనూ దొంగనే. జనవరిలో ప్రాక్టికల్స్. ఏం చేయాలి?

జవాబు: గది నంబరు దగ్గర నవ్వు ఆపుకోలేకపోయానమ్మా, ఏమీ అనుకోకు. తర్వాత ఉత్తరం మళ్లీ చదివితే ‘మొన్న’ అనే మాట దగ్గర ఆగాను. ఈ ప్రాజెక్టును కనీసం ఆరు నెలల ముందే మొదలుపెట్టాలని బోర్డు చెబుతుంది. ఇన్నాళ్లలో నువ్వు ఆ ఫైలు తెరిచింది మొన్ననేనా? నీ రిపోర్టు ఎంతవరకు వచ్చిందో కూడా రాయలేదు. నిన్ను తప్పుపట్టడానికి అడగడం లేదు. ఆమెతో మాట్లాడేటప్పుడు ముందు ఒప్పుకోవాల్సింది ఇదే.

మార్కుల లెక్క ఆమె సరిగ్గానే చెప్పింది. 30 మార్కుల ప్రాక్టికల్‌లో ప్రాజెక్టుకు 8, నోటితో అడిగే ప్రశ్నలకు, అంటే వైవాకు 3. అయితే వైవాలో కూర్చునేది బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్. ‘మందులకు గది నంబరు ఎందుకు?’ అని ఆయన అడిగితే రాసిన ఆమెకూ తెలియదు, పక్కన నిలబడ్డ నీకూ తెలియదు.

‘అందరూ చేసేదే’ అన్న మాటలో సగం నిజముంది. మీరు కోడ్ రాసే పైథాన్ భాషను మనం కనిపెట్టలేదు, దాన్ని డేటాబేస్‌తో కలిపే లైబ్రరీ, అంటే సిద్ధంగా దొరికే కోడ్ కూడా ఎవరో రాసిపెట్టినదే. ఇతరుల కోడ్ చూసి నేర్చుకోవచ్చు. ఒక ముక్క వాడుకుంటే ఎక్కడి నుంచి తీసుకున్నారో రిపోర్టులో రాయవచ్చు. పేర్లు మార్చి, మూలం దాచి, మా సొంతమని ఇవ్వడమే తప్పు. నకలు, కాపీరైట్ విషయాల్లో విద్యార్థులను హెచ్చరించాలని సిలబస్‌లోనే ఉంది కాబట్టి, తెలిశాక మీ సార్ కూడా చూసీచూడనట్టు ఊరుకోలేరు.

సార్ దగ్గరకు ఇప్పుడే వెళ్లకు. ముందు ఆమెతో మాట్లాడు, కానీ వాట్సాప్‌లో వద్దు. అక్కడ రాసింది స్క్రీన్‌షాటై నలుగురి చేతుల్లో పడుతుంది. కోచింగ్ లేని రోజు చూసుకుని ఎదురెదురుగా కూర్చోండి. ‘కాపీ కొట్టావు’ అని మొదలుపెడితే ఆమె తనను తాను కాపాడుకునే పనిలో పడుతుంది. ‘కోడ్ అంతా నీ నెత్తిన పెట్టి నేను పట్టించుకోలేదు. ఇది ఇలాగే ఇవ్వడానికి నాకు మనసొప్పడం లేదు. చిన్నదైనా ఇద్దరం కలిసి రాద్దాం’ అని చూడు. కోచింగ్ ఒత్తిడిని సాకు అనుకోకు. తెల్లవారుజామున లేచి రాత్రి పదింటికి ఇల్లు చేరే పిల్లలు నా దగ్గరకు చాలామందే వస్తారు. సహాయం అడగడం చిన్నతనం అనుకుని ఇలాంటి దారి వెతుక్కుంటారు.

పని ఎంత చిన్నదో మీ బాబాయినే అడుగు. మూడు నెలల్లో గడువు తీరే మందులేవో తెలిస్తే చాలనవచ్చు ఆయన. అలాగైతే ఒక పట్టిక, నాలుగైదు గడులు, ఆ పట్టికను అడిగే ఒక ప్రశ్న (క్వెరీ). రెండు ఆదివారాల పని.

ఆమె ససేమిరా అంటే వారం గడువు పెట్టు. ఆ తర్వాత సార్ దగ్గరకు వెళ్తానని ఆమెకు ముందే చెప్పు, చాటుగా వెళ్లకు. సార్‌తో ‘నా భాగం విడిగా చేసుకుంటాను, అనుమతించండి’ అను. కారణం అడిగితే అబద్ధమాడకు. ఉన్నది ఒక్క మాటలో చెప్పి ఊరుకో, పాత కోపాలు కలపకు. అప్పుడామె కొన్నాళ్లు బెంచీ మారవచ్చు. అది జరగదని నీకు మాట ఇవ్వలేను.

ఈలోగా ఆ ఫైలుకు ఒక నకలు తీసి పక్కన పెట్టుకో. గది నంబరు గడిని మాత్రం నువ్వొక్కదానివే తుడిచేయకు. కూర్చున్నప్పుడు అది ఆమెకే చూపించు, బహుశా ఆమె కూడా నవ్వుతుంది.