రెండు సంస్కృతుల ఇంట్లో పెరిగినవారు మట్టిపనిలో తమను తాము ఎలా చెప్పుకోవాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది: తండ్రిగారిది విజయనగరం వైపు, తల్లిగారిది మణిపుర్, మీరు పెరిగింది విశాఖలోని నౌకాదళ క్వార్టర్లలో. ఇప్పుడు ఒక స్టూడియోలో సెరామిక్స్ నేర్చుకుంటున్నారు. ప్రదర్శనకు "మీ రెండు సంస్కృతులూ కనిపించేలా" ఏదైనా చేయమంటే, ఒక పూలకుండీ మీద ఒకవైపు ముగ్గు, మరోవైపు మణిపురి స్త్రీలు నడుముకు చుట్టుకునే ఫనేక్ అనే వస్త్రం అంచు గీసి కాల్చారు. తీరా చూస్తే అది విమానాశ్రయంలో అమ్మే జ్ఞాపికలా ఉందని మీకే అనిపించింది. మరి ఎలా చేయాలి, ఎక్కడ మొదలుపెట్టాలి, పక్కన వివరణ పెట్టాలా వద్దా అని అడిగారు.

మీ అసంతృప్తి సరైనదేనని నా అభిప్రాయం. ముగ్గులోనూ అంచులోనూ తప్పు లేదు. కానీ వాటి కింద ఉన్న కుండీకి ఆ రెండింటితోనూ సంబంధం లేదు. అది సంచుల్లో వచ్చిన మట్టితో, కరెంటు చక్రం మీద చేసి, కరెంటు కొలిమిలో, అంటే ఎలక్ట్రిక్ కిల్న్‌లో కాల్చిన కుండీ. బొమ్మను తుడిచేస్తే అందులో మీరు మిగలరు. కాబట్టి పైన ఏ బొమ్మ గీయాలన్న ప్రశ్నను కొంతకాలం పక్కన పెట్టి, ఏ మట్టి, చేతి కదలిక ఏది, ఎలాంటి మంట, ఎవరి వాడుక కోసం అన్న ప్రశ్నలు వేసుకోవాలని నా సలహా.

ఈ మాట చెప్పడానికి నాకున్న అర్హత కొంచెమే. మా నాయనమ్మ కుటుంబం 1960లలో, బర్మాలో సైనిక ప్రభుత్వం వ్యాపారాలను జాతీయం చేసిన రోజుల్లో, రంగూన్ వదిలి వచ్చి కంచరపాలెం దగ్గరి బర్మా క్యాంపులో స్థిరపడింది. అంతకు ముందు కొన్ని తరాలుగా విశాఖ, గంజాం, గోదావరి జిల్లాల నుంచి వేలాది మంది రేవుల్లోనూ మిల్లుల్లోనూ కూలి కోసం ఓడలెక్కి అక్కడికి వెళ్లారు. అక్కడివాళ్లకు మేము కోరంగీలం (కోరంగి రేవు పేరు మీద తెలుగువాళ్లకు అక్కడ పడిన పేరు), ఇక్కడికి వచ్చాక బర్మావాళ్లం. నేను మట్టిపని మొదలుపెట్టినప్పుడు నన్నూ అందరూ పగోడా బొమ్మ వేయమనే అడిగారు. రంగూన్‌లో మావాళ్లు పగోడాల్లో కాదు, రేవు పక్కన ఇరుకు గదుల్లో బతికారు.

మొదట మీ స్టూడియో సంగతి చూద్దాం. అక్కడ నేర్పే పద్ధతిని మీరు ఏ సంస్కృతికీ చెందని ఖాళీ కాగితంగా భావిస్తున్నారని మీ ప్రశ్నను బట్టి అనిపించింది. నిజానికి ఆ కాగితం మీద ఇదివరకే చాలా రాసి ఉంది. హాంగ్‌కాంగ్‌లో పుట్టిన ఆంగ్లేయుడు బెర్నార్డ్ లీచ్, జపాన్‌కు చెందిన షోజీ హమాదా కలిసి 1920లో ఇంగ్లండ్‌లోని సెయింట్ ఐవ్స్‌లో ఒక కుమ్మరిశాలను పెట్టారు. గోధుమ, బూడిద రంగుల గ్లేజులు (కాల్చాక గాజులా గట్టిపడే పూతలు), చేతి గుర్తులు కనిపించే మందమైన గిన్నెలు, అలంకరణ తక్కువగా ఉండడమే అందమన్న అభిరుచి అక్కడి నుంచి ప్రపంచమంతా పాకాయి. మన దేశంలో ఢిల్లీ బ్లూ పాటరీని నెలకొల్పిన సర్దార్ గురుచరణ్ సింగ్ 1919 ప్రాంతంలో జపాన్ వెళ్లి, అదే బృందంతో పరిచయం పెంచుకుని వచ్చారు. 1971లో పుదుచ్చేరిలో రే మీకర్‌తో కలిసి గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీని ప్రారంభించిన డెబొరా స్మిత్ జపాన్‌లో శిక్షణ పొందినవారే. దక్షిణ భారతంలో స్టూడియో కుమ్మరులు ఎందరో నేరుగానో, శిష్యుల ద్వారానో ఆ ఇంటి నుంచి వచ్చినవాళ్లే. ఆ పద్ధతిని తక్కువ చేయడానికి ఈ సంగతి చెప్పడం లేదు. నేను రోజూ వాడేది కూడా అదే. మీ పనిలో రెండు కాదు, మూడు సంస్కృతులు ఉన్నాయనీ, మూడోది మాట్లాడకుండానే మిగతా రెండింటినీ తన కొలతకు కత్తిరిస్తోందనీ మాత్రం గమనించమంటున్నాను.

ఇక మీ రెండు ఇళ్ల సంగతి. ఇక్కడ మీరు నాకంటే అదృష్టవంతులు, ఎందుకంటే రెండు వైపులా సజీవమైన మట్టిపని ఉంది, రెండూ ఒకదానికొకటి ఎదురుగా నిలబడేంత భిన్నంగా ఉన్నాయి. ఉత్తరాంధ్ర గ్రామాల్లో కుమ్మరి సారె మీద కుండ మెడనూ భుజాన్నీ లాగి, అడుగును మందంగా వదిలేసి, కాస్త ఆరాక లోపల రాయి ఆనించి బయట చెక్కతో కొట్టుతూ గుండ్రటి అడుగును సాగదీస్తాడు. సారె తిప్పడం సంప్రదాయంగా మగవాళ్ల పని. మట్టి తొక్కడం, పిసకడం, ఆరబెట్టడం, పెళ్లికి ఐరేణి కుండలకు రంగులు వేయడం వంటి పనుల్లో ఆడవాళ్ల చేయి ఉన్నా పేరు మాత్రం వాళ్లది కాదు. మణిపుర్‌లోని ఆండ్రో గ్రామంలో ఇది తలకిందులు. అక్కడ కుండలు చేసేది స్త్రీలు, సారె అసలు లేదు, కుండ నిలకడగా ఉంటే చేసే మనిషే దాని చుట్టూ తిరుగుతుంది. ఉఖ్రుల్ జిల్లా లోంగ్పీలో తాంగ్‌ఖుల్ నాగాలు సర్పెంటినైట్ అనే రాతి పొడిని మట్టితో కలిపి, సారె లేకుండానే చేతులతోనూ అచ్చులతోనూ పాత్రలు చేసి, బహిరంగ మంటలో కాల్చి, వేడి తగ్గకముందే ఆకులతో రుద్ది నల్లటి మెరుపు తెస్తారు.

ఈ తేడాలో మీ విషయం మొత్తం ఉంది. ఒకే ఆకారాన్ని, ఉదాహరణకు ఒక నీళ్లకుండను, ఒకసారి సారె మీద లాగి చెక్కతో కొట్టి చేయండి. మరోసారి మట్టి తీగలు పేర్చి, దాని చుట్టూ మీరే నడుస్తూ చేయండి. మీ శరీరం ఏ పద్ధతిలో తడబడుతుందో, ఏ పద్ధతి అమ్మమ్మ ఇంటి వంటగదినీ, ఏది తాతగారి ఊరినీ గుర్తుకు తెస్తుందో ఆ కుండలే చెబుతాయి. రెండో కుండ అంచు కొంచెం ఏటవాలుగా వస్తుంది. దాన్ని చక్రం మీద పెట్టి సరిచేయాలన్న కోరిక కలిగినప్పుడు, ఆ కోరిక మీ ఇళ్లలో ఏ వైపు నుంచి వచ్చిందో, లేక స్టూడియో నుంచే వచ్చిందో ఒకసారి ఆలోచించండి.

రెండు మట్టులను ఒకే వస్తువులో కలపాలని మీకు తప్పక అనిపిస్తుంది, కాబట్టి సాంకేతికంగా కొన్ని జాగ్రత్తలు చెప్పాలి. చెరువు మట్టి ఆరి, కాలేసరికి సాధారణంగా నూటికి 8 నుంచి 12 పాళ్లు కుదించుకుంటుంది. రాతి పొడి ఎక్కువగా కలిసిన మట్టి అంతకంటే తక్కువ కుదించుకుంటుంది. రెండింటినీ పచ్చిగా అతికిస్తే అతుకు దగ్గర పగులు రావడం దాదాపు ఖాయం. ముందుగా ఒక్కో మట్టితో పలకలు చేసి, వాటి మీద 10 సెంటీమీటర్ల గీత గీసి, ఆరాక ఒకసారి, కాల్చాక ఒకసారి కొలవండి. ఎక్కువ కుదించుకునే మట్టిలో ఇసుకో, కాల్చిన మట్టి పొడో కలిపి తేడాను తగ్గించవచ్చు, అతుకుకు రెండు మట్టుల మిశ్రమాన్నే గుజ్జుగా వాడవచ్చు. మంట విషయంలో మీ ఇళ్లు రెండూ ఒకే గూటివి: రెండూ దాదాపు 700 నుంచి 900 డిగ్రీల మధ్య కాలేవే. అయితే స్టోన్‌వేర్ అనే గట్టి, నీరు ఇంకని పాత్రల కోసం 1200 డిగ్రీలు దాటించే కిల్న్‌లో మన చెరువు మట్టిని పెడితే అది ఉబ్బి, వంగి, చివరికి అరను కూడా పాడుచేస్తుంది. విశాఖ గాలిలో తేమ గురించి మీకు చెప్పనక్కర్లేదు. వర్షాకాలంలో పైకి ఆరినట్టు కనిపించే కుండ లోపల తడిగానే ఉంటుంది కాబట్టి, 100 డిగ్రీల దగ్గర ఆవిరి దాన్ని పగలగొట్టకుండా వేడిని చాలా నెమ్మదిగా పెంచండి.

ఇంత చెప్పాక కూడా నా ఇష్టం వేరే. అతికించకండి, ఆనించండి. మన కుండకు అడుగు గుండ్రం, అది నిలబడాలంటే కుదురు కావాలి. ఎర్రటి చెరువు మట్టి కుండను దాని పద్ధతిలోనే చేసి, దానికి నల్లటి రాతి మట్టితో ఒక కుదురు చేయండి. రెండూ వేరువేరుగా కుదించుకుంటాయి, వేరువేరుగా కాలుతాయి, కానీ కుదురు లేకుండా కుండ నిలబడదు, కుండ లేకుండా కుదురుకు పని లేదు. చూసేవాళ్లకు ఏ గుర్తూ చూపకుండానే సంబంధం తెలుస్తుంది. సగం తెలుగు, సగం మణిపురి అన్న లెక్క నాకెప్పుడూ నచ్చలేదు. మనిషి ఎవరూ మధ్యకు గీత గీసి ఉండరు.

వాడుక గురించి నా పని నుంచే ఒక ఉదాహరణ ఇస్తాను. బర్మాలో దారి పక్కన, ఇళ్ల ముందు, చెట్ల కింద చిన్న అర కట్టి అందులో నీళ్లకుండలు పెట్టడం పుణ్యకార్యం. మూత, తీసుకోవడానికి ఒక పాత్ర ఉంటాయి కానీ పోసే మనిషి ఉండరు, దాహమైనవాళ్లే ముంచుకుని తాగుతారు. మా నాయనమ్మ దీన్ని గురించి చెప్పినప్పుడల్లా మన చలివేంద్రంతో పోల్చేది. కానీ మన చలివేంద్రంలో సాధారణంగా ఒకరు కూర్చుని పోస్తారు. ఈ తేడా చిన్నది కాదు, కుండ ఆకారాన్నే మారుస్తుంది. పోసే మనిషి ఉంటే మూతి ఇరుకైనా సరిపోతుంది, వంచడానికి మెడ పట్టు ఉంటే చాలు. ఎవరికి వారు ముంచుకునేదైతే మూతి వెడల్పుగా, అంచు బలంగా, మూత చేతికి తేలికగా ఉండాలి. అందుకని నేను ఇక్కడి చెరువు మట్టితో, ఇక్కడి చెక్క దెబ్బతో గుండ్రటి కుండలు చేసి, మూతీ మూతా మాత్రం నాయనమ్మ చెప్పిన వాడుకకు తగ్గట్టు మార్చి, ఒక వేసవిలో మా వీధి మొదట్లో అర మీద పెట్టాను. ఎవరూ దాన్ని కళగా చూడలేదు. క్యాంపు ఆడవాళ్లు ముంచే పాత్ర పిడి పొట్టిగా ఉందనీ, సాయంత్రానికి కుండలు ఖాళీ అవుతున్నాయనీ ఫిర్యాదు చేశారు. పిడి పెంచాను. ఆ తర్వాత ఏ ప్రదర్శనశాలలోనూ నా పనికి అంత సూటి విమర్శ దొరకలేదు.

ఏది మనది, ఏది అరువు అన్న భయం మీ ప్రశ్న చివర్లో కనిపించింది. ఈ తీరం మీద ఆ భయానికి పెద్ద ఆధారం లేదు. భీమిలి దారిలో మీరు ఎన్నోసార్లు ఎక్కి ఉండే తొట్లకొండ బౌద్ధారామంలో శాతవాహన నాణేలతో పాటు రోమన్ వెండి నాణేలు దొరికాయి. పురావస్తు శాస్త్రవేత్త మోర్టిమర్ వీలర్ 1945లో పుదుచ్చేరి దగ్గరి అరికమేడులో తవ్వినప్పుడు, లోపలివైపు చక్రంతో అద్దిన చుక్కల వలయాలున్న నున్నటి పళ్లాలను చూసి అవి మధ్యధరా తీరం నుంచి వచ్చాయని అనుకున్నాడు. తర్వాత మట్టిలోని ఖనిజాలను పరీక్షించినవారు అది భారతదేశపు మట్టేనని తేల్చారు. అదే రకం పెంకులు అమరావతిలోనూ, సముద్రం దాటి బాలి ద్వీపంలోని సెంబిరన్‌లోనూ బయటపడ్డాయి. పరాయిదనుకున్నది మనదే అయింది, మనదన్నది బాలి దాకా వెళ్లింది. ఇక ఆవకాయ జాడీ కంటే తెలుగు వస్తువు ఏముంటుంది అంటారు. మన ఊరి ఆవంలో కాలిన కుండకు నూనె, ఉప్పు కారిపోతాయి కాబట్టి ఊరగాయకు గ్లేజు ఉన్న జాడీయే కావాలి. అలాంటి పెద్ద జాడీలకు బర్మాలోని మర్తబాన్ రేవు శతాబ్దాల పాటు పేరుమోసింది. 14వ శతాబ్దపు యాత్రికుడు ఇబ్న్ బతూతా ఓడ ప్రయాణం కోసం ఉప్పులో ఊరవేసిన అల్లం, మిరియాలు, నిమ్మ, మామిడి నింపిన ఆ జాడీలను గురించి రాశాడు.

అరువు తప్పు కాదంటే ఎవరి నుంచైనా ఏదైనా తీసుకోవచ్చని అర్థం కాదు. కుండ చేయడం మీకూ నాకూ ఇష్టంతో ఎంచుకున్న పని. శాలివాహనులనే కుమ్మరి కుటుంబాలకు అది పుట్టుకతో వచ్చిన వృత్తి, చాలామందికి దాన్ని వదిలేయాల్సిన పరిస్థితి. మనం ఒక కప్పుకు చెప్పే ధరకు వాళ్ల వాకిట్లో ఎన్నో కుండలు వస్తాయి. వాళ్ల దగ్గర నేర్చుకుంటే డబ్బిచ్చి నేర్చుకోండి, లోంగ్పీ పద్ధతి వాడితే ఆ పేరు చెప్పి వాడండి, తల్లి మణిపురి అయినంత మాత్రాన తాంగ్‌ఖుల్ వారి పని మీ వారసత్వం అయిపోదన్నది కూడా గుర్తుంచుకోండి. మీ తల్లిగారు నాగాలు కాక, మణిపుర్ లోయలో ఎక్కువగా ఉండే మైతేయీలైతే ఈ జాగ్రత్త ఇంకా అవసరం. మట్టి కోసం మాత్రం దయచేసి భీమిలి దగ్గరి ఎర్రమట్టి దిబ్బలకు వెళ్లకండి. ఆ రంగు చూసి ప్రతి విద్యార్థికీ ఆశ పుడుతుంది. అది రక్షించాల్సిన భూవారసత్వ ప్రదేశం, పైగా అది ఎక్కువగా ఇసుకే కాబట్టి సారె మీద నిలవదు. పగుళ్లను బంగారు పూతతో అతికే జపాన్ పద్ధతి జోలికి కూడా పోవద్దని చెబుతాను. "విరిగిన గుర్తింపు" అనగానే ఈ మధ్య అందరూ అదే చేస్తున్నారు, మీరు విరిగిపోయారని మీ ప్రశ్నలో ఎక్కడా లేదు.

వివరణ పెట్టాలా అన్నదానికి: పెట్టండి, కానీ మీ గురించి కాదు. మట్టి ఏ ఊరి చెరువుది, కుదురులోని రాతి పొడి ఎక్కడిది, ఎవరు నేర్పారు, ఏ మంటలో ఎంత వేడికి కాలింది, ఎలా వాడాలి అన్నవి తెలుగులోనూ మీ తల్లిగారి భాషలోనూ నాలుగైదు వాక్యాల్లో రాసి, కుండలో నీళ్లు నింపి, పక్కన ముంచే పాత్ర పెట్టమని నిర్వాహకులను అడగండి. వాళ్లు ఒప్పుకోకపోతే నీళ్ల మరకలు ఉన్న కుండనే ప్రదర్శనకు ఇవ్వండి.