మామగారి ఏడాది తిరక్కుండా చెల్లి పెళ్లికి వెళ్లొచ్చా?

ప్రశ్న: మామగారు ఆశ్వయుజంలో పోయారు. రిటైర్డ్ టీచర్. మా ఆయన ఒక్కడే కొడుకు, కర్మ ఆయనే చేశారు. తెనాలి దగ్గర ఊళ్లో ఇంటికి తాళం వేసి అత్తయ్యను హైదరాబాద్ తెచ్చుకున్నాం. మాఘంలో రాజమండ్రిలో మా చెల్లి పెళ్లి. ముహూర్తం మామగారు పోకముందే పెట్టుకున్నది. "ఏడాది తిరక్కుండా శుభకార్యమేంటి, గడప దాటొద్దు" అంటున్నారు అత్తయ్య. పెద్దకర్మకు మా పుట్టింటి నుంచి అన్నయ్య ఒక్కడే వచ్చాడు. ఆ వారమే నాన్నకు స్టెంట్ వేశారు. మా ఆయనకు పంచెల చాపు పెట్టాడు గానీ అత్తయ్యకూ ఆడపడుచుకూ చీరలు తేలేదు. "మీవాళ్లు ఒక్క రాత్రి నిద్రకైనా పిలిచారా?" అని వదిన ప్రతి ఫోన్‌లోనూ ఎత్తిపొడుస్తోంది. మా ఆయన "అమ్మ ఎలా అంటే అలా" అని ఊరుకుంటున్నారు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఏం చెయ్యను?
– ఒక సోదరి, హైదరాబాద్

జవాబు: అమ్మా, మీ చెల్లి పెళ్లికి మీరు వెళ్లండి. తోబుట్టువు పెళ్లి మళ్లీ రాదు. అయితే అత్తగారితో పోట్లాడి వెళ్లకండి. పెళ్లికి ఇంకా వ్యవధి ఉంది కాబట్టి ఈలోపు చేయాల్సినవి చేద్దాం.

ముందు ఆచారం సంగతి. ఏటి సూతకం ముఖ్యంగా కర్తకు, అంటే మీ ఆయనకు. పోయినవారిని పితృదేవతల్లో కలిపే సపిండీకరణం అసలు ఏడాది చివర చేయాల్సింది, ఇప్పుడు చాలా ఇళ్లలో పన్నెండో రోజే చేసేస్తున్నారు. ఆ తర్వాతి నియమాలు ఇంటికో రకం. ఏడాదంతా గుడి మెట్లు ఎక్కనివారున్నారు, ఆడపిల్ల పెళ్లి ఏడాదిలోపే చేస్తే మంచిదని తొందరపడేవారూ ఉన్నారు. అందుకే యూట్యూబ్‌లో వెతక్కండి. మామగారి కర్మ చేయించిన పురోహితుడికే ఫోన్ చేసి, స్పీకర్ పెట్టి, అత్తయ్య ఎదురుగా అడగండి. మీరు చెబితే ఎదురు మాట్లాడినట్టు ఉంటుంది, అదే మాట ఆయన చెబితే ఆవిడ భయం తగ్గుతుంది. మీ ఆయన వెళ్లకూడదని పురోహితుడంటే ఒప్పుకోండి. కన్యాదానానికి మీ అమ్మానాన్నలున్నారు, మీ దంపతులు పీటల మీద కూర్చోవాల్సిన అవసరం లేదు. మాసికం తిథి పెళ్లి రోజుల్లో పడుతుందేమో మాత్రం ఇప్పుడే పంచాంగంలో చూసుకోండి.

ఇక అత్తయ్య సంగతి. ఆవిడ పోగొట్టుకున్నది భర్తనొక్కణ్నే కాదు. సొంత ఇల్లు, ఇరుగుపొరుగు, పొద్దున్నే పలకరించే మనుషులు అన్నీ ఒక్కసారే పోయాయి. నగరంలో మీరిద్దరూ ఆఫీసులకు పోతే పగలంతా ఒంటరి. అలాంటి మనిషికి ఇంట్లో పెళ్లి మాటలు వినబడితే, ఆయన పోయి నాలుగు నెలలైనా కాలేదు, అందరూ మరిచిపోయారే అనిపిస్తుంది. "గడప దాటొద్దు" అన్న మాటలో ఈ బాధే ఎక్కువని నాకనిపిస్తోంది.

పెళ్లి కంటే ముందు సంక్రాంతి వస్తుంది. పెద్దల పండుగ. ఆవిడను ఊరు తీసుకెళ్లి తాళం తీయించండి. మామగారికి బట్టలు పెట్టండి, ఆయనకు ఇష్టమైనవి వండండి. ఆయనకు జరగాల్సింది ఘనంగా జరిగిందని ఆవిడకు తెలియాలి.

ఇంకో విషయం, ఇది మీ అమ్మగారికి చెప్పండి. పెళ్లికి బొట్టు పెట్టి పిలుస్తారు. భర్త పోయినావిడ దగ్గరికి వచ్చేసరికి ఆ కుంకుమభరిణె పక్కకు జరుగుతుంది, శుభలేఖ కొడుకు చేతికి వెళుతుంది. ఎంతమంది ఆడవాళ్లు ఈ ఒక్క క్షణానికి కుమిలిపోతారో! మీ అమ్మగారు అత్తయ్య పక్కన కూర్చుని, శుభలేఖ ఆవిడ చేతిలోనే పెట్టి, "వదినగారూ, మీరు రావాలి" అనాలి. వస్తారో రారో ఆవిడ ఇష్టం. పిలుపు మాత్రం ఆవిడకే అందాలి.

చీరల విషయంలో మీవాళ్ల వైపు కొంత లోటు ఉంది. స్టెంట్ వేసిన వారంలో ఎవరూ తప్పుబట్టలేరు, కానీ ఆ తర్వాత ఇన్ని వారాలు గడిచాయి కదా. డాక్టరు ప్రయాణం చేయొచ్చంటే నాన్నగారిని, లేకపోతే అమ్మనూ అన్ననూ ఒకసారి పలకరింపుకు రమ్మనండి. మంగళ, శుక్రవారాలు వద్దు, మీ ఇంట్లో పట్టింపు ఉన్నట్టుంది. అత్తయ్యకూ వదినకూ చీరలు తెచ్చి, "అప్పుడు రాలేకపోయాం, ఏమీ అనుకోకండి. ఒక రాత్రి మా ఇంటికి నిద్రకు రండి" అంటే చాలు. పెద్దకర్మకు ఎవరెంత ఖర్చుపెట్టారన్న లెక్క ఆ రోజు ఎవరూ ఎత్తకూడదు. శుభలేఖ మరో రోజు ఇవ్వండి, రెండూ ఒక్క రాకతో కానిచ్చేశారన్న మాట రాకుండా ఉంటుంది.

మీ ఉత్తరంలో వదిన ఎత్తిపొడుపులున్నాయి గానీ, ఆమెకూ తండ్రి పోయాడన్న మాట లేదు. తండ్రి పోయాక పుట్టింటి తలుపు మూసుకుపోతుందేమోనని ఆడపిల్లలకు దిగులు. పైగా అక్కడ ఇంటికి తాళం పడింది. మామగారు వీలునామా రాయకపోతే, 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఆయన సొంత ఆస్తిలో భార్యకు, కొడుకుకు, కూతురికి సమానంగా వాటా వస్తుంది. "అక్కా, నీది నీకు వస్తుంది, ఈ ఇల్లు నీ ఇల్లే" అని మీ ఆయన తనంతట తానే అనాలి. ఫోన్‌లో మాటల పదును కొంతైనా తగ్గుతుంది.

మీ ఆయన కూడా దుఃఖంలోనే ఉన్నారు, ఆ మాట మరవకండి. కానీ "అమ్మ ఎలా అంటే అలా" అని తప్పుకుంటే అత్తాకోడళ్లు ఎదురెదురు నిలబడాల్సి వస్తుంది. "అమ్మా, తనను నేనే పంపిస్తున్నాను" అని తల్లికి చెప్పాల్సింది ఆయన. ఫ్యామిలీ పెన్షన్ కాగితాలు ఇంకా కాకపోతే అవీ ఆయనే తల్లిని వెంటబెట్టుకుని సబ్ ట్రెజరీకి వెళ్లి పూర్తి చేయించాలి. తన పేరు మీద నెలనెలా డబ్బు పడుతుందంటే ఆవిడకు ఎంత ధైర్యమో.

ఇంత చేసినా అత్తయ్య ఒప్పుకోకపోవచ్చు. అప్పుడూ వెళ్లండి. ఆఫీసు పనుందని అబద్ధం చెప్పి మాత్రం వెళ్లకండి, పెళ్లి ఫొటోలు వాట్సాప్‌లో సాయంత్రానికే వస్తాయి. పెళ్లికూతుర్ని చేసిన రోజు నుంచి అప్పగింతల దాకా ఉండండి. ఆ నాలుగు రోజులు అత్తయ్యకు తోడుగా వచ్చి ఉండమని వదినను అడగండి. అడిగేది మీరే అవ్వాలి, అదీ ఈ వారంలోనే.