లోధీ కోర్స్‌లో పొదల్లో బాల్ పడితే ఏం చేయాల (సమాధానం)

తమ్ముడూ, కర్నూలు నుంచి ఢిల్లీ గోల్ఫ్ క్లబ్‌కి మెంబర్ గెస్టుగా పోతాండావు, డ్రైవర్‌తో (దూరం కొట్టే పొడుగు క్లబ్, అంటే గోల్ఫ్ కర్ర) కొడితే బాల్ కుడిపక్కకే పోతాంది, ఆడుండే లోధీ కోర్స్‌లో (గోల్ఫ్ మైదానంలో) ఎట్లా అని అడిగినావు కదా. డ్రైవర్ బ్యాగులోనే ఉండనీ. ఆడ ఫెయిర్‌వే (బాల్ కొట్టుకుంటా పోయే గడ్డి దోవ) సందు మాదిరి ఉంటాది, రెండు పక్కలా ముళ్ళ పొదలు, అచ్చం మన తుమ్మకంపే, బాల్ కనపడినా క్లబ్ ఊపేకి చోటుండదు, ప్రొఫెషనల్సే చానా హోల్స్‌లో ఐరన్‌తో (డ్రైవర్ కన్నా పొట్టి, ఇనుప తల ఉండే క్లబ్) మొదలుపెడ్తారు. నువ్వు 170 గజాలు నేరుగా కొడితే చాలు.

పొదల దిక్కు పోయిందనిపిస్తే, వెతికేకి పోకముందే ప్రొవిజనల్ (మొదటిది దొరక్కపోతే దానికి బదులు బాల్) అని గట్టిగా చెప్పి ఇంకో బాల్ కొట్టు, వెతికేకి 3 నిమిషాలే టైము. దొరికింది గానీ ఆడలేవు అంటే అన్‌ప్లేయబుల్ (ఆడేకి కాదు) అని తీసుకో, ఒక స్ట్రోక్ (దెబ్బ) ఎక్కువ లెక్కేస్తారు, 2 క్లబ్‌ల పొడవు లోపల హోల్‌కి దగ్గర కాకుండా మోకాలి ఎత్తు నుంచి డ్రాప్ చెయ్. ఆ చోట్లోనూ పొదే అడ్డముంటే, దానికి బదులు హోల్, బాల్ ఒకే గీతలో పెట్టుకొని ఎంత వెనక్కైనా పోవచ్చు, చానా మంది ఇది మర్చిపోయి ఇంకో రెండు స్ట్రోకులు పోగొట్టుకుంటారు.

నేను అనంతపురంలో శెనక్కాయ పీకేసిన చేన్లో 25 గజాల ఎడంగా రెండు కట్టెలు నాటి, వాటి మధ్యలోంచి 5 ఐరన్ కొట్టి నేర్చుకున్న్యా, పొద్దున్నే 40 బాల్స్, నువ్వూ చెయ్. లోధీ కోర్స్ గ్రీన్లు (హోల్ చుట్టూ ఉండే నున్నటి గడ్డి) 2019లో పాత గోల్ఫ్ చాంపియన్ గ్యారీ ప్లేయర్ మార్చినాక బాగా ఎత్తుపల్లాలు, ఆడ కేడీ (బ్యాగు మోసి దోవ చెప్పే) అన్న చూపించిన లైనే పట్టుకో.